యమహా డీఎక్స్7: 40 ఏళ్ల కిందటి ఈ కీబోర్డు లోపాలకు, సుక్మా పెళ్లి పాటకు సంబంధం ఏంటి?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, కుంట వైపు ఏదైనా పెళ్లికి వెళితే రెండు రకాల సంగీతం ఒకేచోట వినిపిస్తుంది.

ఒక పక్క దోర్లా ఆదివాసీల డోళ్లు. మరో పక్క జనరేటర్ మీద నడిచే డీజే పెట్టెలు, కొన్నిచోట్ల వాటి పక్కనే స్టాండు మీద ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు. అది ఏ కంపెనీదైనా చాలామంది ‘క్యాసియో’ అనే పిలుస్తారు.

శబరి నది ఒడ్డున, ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దులను ఆనుకుని ఉన్న ఊరు కుంట. అందుకే ఇక్కడ తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, గోండీ పాటలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి.

ఇప్పుడు వస్తున్న చిన్న కీబోర్డుల్లో కూడా వందల సంఖ్యలో టోన్లు ఉంటాయి. కానీ పాట ఏ భాషలో ఉన్నా, వినిపించేవి మాత్రం ఓ ఐదారే. పియానో, స్ట్రింగ్స్, ఫ్లూట్, షెహనాయ్... అంతే.

యంత్రంలో ఉన్నదానికీ, మనం వాడుకునేదానికీ మధ్య ఇంత దూరం ఎందుకు? దీన్ని అర్థం చేసుకోవడానికి 1983లో జపాన్ నుంచి వచ్చిన ఒక కీబోర్డు కథ తెలుసుకోవాలి.

దాని పేరు యమహా డీఎక్స్7.

ఏమిటీ డీఎక్స్7?

1983లో మార్కెట్లోకి వచ్చిన డీఎక్స్7 ఒక డిజిటల్ సింథసైజర్. అంటే, శబ్దాన్ని తీగలతోనో గాలితోనో కాకుండా అంకెల లెక్కలతో పుట్టించే యంత్రం.

దీనిలో 61 కీలు ఉంటాయి. ఒకేసారి 16 స్వరాలు మోగించవచ్చు. బరువు సుమారు 14 కిలోలు. ముదురు గోధుమ రంగు లోహపు పెట్టె మీద ఆకుపచ్చ బటన్లు వరుసగా ఉంటాయి.

అమెరికాలో దీని ధర 1,995 డాలర్లు. అప్పటి మారకపు రేటు ప్రకారం సుమారు 20 వేల రూపాయలు. రవాణా, దిగుమతి సుంకాలు దీనికి అదనం.

ఇప్పుడు ఇది పెద్ద ధరగా అనిపించకపోవచ్చు. కానీ అప్పటివరకు ఈ స్థాయి డిజిటల్ యంత్రాలు పెద్ద స్టూడియోలకే పరిమితం. పనిచేసే సంగీతకారుడు అప్పో సొప్పో చేసి కొనుక్కోగలిగిన తొలి డిజిటల్ సింథసైజర్లలో ఇది ఒకటి.

అందుకే లక్షన్నరకు పైగా అమ్ముడైంది. దీనికి ముందు తరంలో అత్యంత పేరున్న మినీమూగ్ సింథసైజర్లు పదేళ్లకు పైగా అమ్మినా సుమారు 12 వేలే అమ్ముడయ్యాయి.

గమకాన్ని బాగా వేగంగా ఊపితే ఏమవుతుంది?

డీఎక్స్7 వెనకున్న సూత్రం పేరు ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్. పొట్టిగా ఎఫ్ఎం. దీన్ని సంగీతానికి పనికొచ్చేలా కనిపెట్టింది ఇంజినీర్ కాదు, ఒక స్వరకర్త.

1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కంప్యూటర్‌తో శబ్దాలు పుట్టిస్తూ ప్రయోగాలు చేస్తున్నారు. ఒక స్వరాన్ని కొద్దిగా పైకీ కిందకీ ఊపుతూ, ఆ ఊపు వేగాన్ని పెంచుకుంటూ పోయారు.

మన గాయకులు స్వరాన్ని ఊపుతారు కదా, అలాంటిదే. సెకనుకు ఐదారు సార్లు ఊగితే చెవికి ఆ ఊపు తెలుస్తుంది. అదే ఊపు సెకనుకు పదుల సార్లు, వందల సార్లు అయితే చెవి దాన్ని ఊపుగా గుర్తించలేదు. అక్కడ వేరే కొత్త నాదం వినిపిస్తుంది.

ఊపే స్వరం, ఊగే స్వరం - ఈ రెండింటి వేగాల నిష్పత్తి 1:1, 1:2 లాంటి పూర్ణ సంఖ్యల్లో ఉంటే వేణువు, బాకా లాంటి శ్రావ్యమైన నాదాలు వస్తాయి. నిష్పత్తి అలా కుదరకపోతే గుడిగంటలా, కంచు పళ్లెంలా మోగుతుంది.

ఊపు బలాన్ని మార్చితే నాదంలో మెరుపు మారుతుంది. కీని గట్టిగా కొడితే పదునుగా, మెల్లగా నొక్కితే మెత్తగా పలికించే పని కూడా దీంతోనే సాధ్యమైంది.

చౌనింగ్ తన పరిశోధనా పత్రాన్ని 1973లో ప్రచురించారు. అమెరికాలోని ఆర్గాన్ తయారీ కంపెనీలు దీనిపై ఆసక్తి చూపలేదు. యమహా చూపింది. 1977లో స్టాన్‌ఫర్డ్‌కు పేటెంట్ వచ్చింది. లైసెన్స్ రూపంలో ఆ విశ్వవిద్యాలయానికి 2 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం సమకూరింది.

మరి లోపాలు ఎక్కడున్నాయి?

డీఎక్స్7లో ఇలా ఊపే, ఊగే భాగాలు ఆరు ఉంటాయి. వీటిని ఆపరేటర్లు అంటారు. ఏది దేన్ని ఊపాలో చెప్పడానికి 32 రకాల అమరికలు ఉన్నాయి.

ఒక్కో ఆపరేటర్ శబ్దం ఎంత వేగంగా పెరగాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా తగ్గాలి అన్నది నిర్ణయించడానికే ఎనిమిది అంకెలు కావాలి. ఆరు ఆపరేటర్లకు కలిపి 48. మిగతావన్నీ చేర్చితే ఒక్క టోన్ తయారు చేయడానికి 140కి పైగా విలువలు సర్దాలి.

పాత అనలాగ్ సింథసైజర్లలో ఒక్కో పనికి ఒక్కో తిప్పుడు బటన్ ఉండేది. తిప్పితే ఏం మారిందో వెంటనే చెవికి తెలిసేది.

డీఎక్స్7లో ఆ బటన్లు లేవు. 140కి పైగా విలువలను రెండు వరుసల చిన్న తెర మీద ఒక్కొక్కటిగా పిలిచి, ఒకే ఒక్క స్లైడర్‌తో మార్చాలి. ఆ తెరకు వెనక నుంచి వెలుతురు కూడా లేదు. చీకటి వేదిక మీద అందులో ఏముందో కనిపించదు.

బటన్లు కూడా నొక్కితే లోపలికి వెళ్లేవి కావు. పైపొర కింద ఉండే స్పర్శ బటన్లు. నొక్కామా లేదా అన్నది వేలికి సరిగా తెలియదు.

దీనికితోడు ఎఫ్ఎం పద్ధతిలో ఒక విలువను కొద్దిగా మార్చితే నాదం కొద్దిగానే మారుతుందన్న నమ్మకం లేదు. ఒక అంకె జరిపితే వేణువు కాస్తా గంట అయిపోవచ్చు.

మిగతా లోపాల్లో కొన్ని:

- రివర్బ్, కోరస్ లాంటి ఎఫెక్టులు లేవు. బయట పెట్టెలు తగిలించుకోవాల్సిందే.
- ఒకసారికి ఒకే టోన్. ఎడమ చేత్తో బేస్, కుడి చేత్తో పియానో వాయించడం కుదరదు.
- శబ్దం మెల్లగా తగ్గిపోయేటప్పుడు సన్నని గరగర వినిపిస్తుంది. అంకెలను శబ్దంగా మార్చే భాగం 12 బిట్లది కావడం దీనికి ఒక కారణం.
- కీని ఎంత గట్టిగా కొట్టారో చెప్పే కొలత మిడి పద్ధతిలో 127 వరకు ఉంటుంది. డీఎక్స్7 కీలు ఎంత గట్టిగా కొట్టినా దాదాపు 100 దగ్గరే ఆగిపోతాయి.

చివరి లోపానికి ఒక ఫలితం ఉంది. డీఎక్స్7 టోన్లన్నీ ఆ 100 పరిమితిలోనే చెవికి సరిపోయేలా తయారయ్యాయి. అవే టోన్లను ఇప్పటి కీబోర్డుతో 127 దాకా కొడితే చెవికి కరుగ్గా వినిపిస్తాయి. ‘పాత శబ్దం రావడం లేదు’ అని కొందరు అనుకోవడానికి ఇదొక కారణం.

అందరిదీ ఒకే పియానో

టోన్ తయారు చేయడం ఇంత కష్టమైతే సంగీతకారులు ఏం చేస్తారు? కంపెనీ వేసి ఇచ్చిన టోన్లనే వాడతారు. జరిగింది అదే.

డీఎక్స్7తో వచ్చిన టోన్లలో చాలావాటిని డేవ్ బ్రిస్టో, గ్యారీ లూయెన్‌బర్గర్ అనే ఇద్దరు సంగీతకారులు రూపొందించారు. వాటిలో ‘ఈ పియానో 1’ అనే ఎలక్ట్రిక్ పియానో టోన్ ప్రపంచమంతా పాకింది.

1986లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి చేరిన పాటల్లో సుమారు 40 శాతంలో ఈ ఒక్క టోన్ ఉందని సంగీత పరిశోధకురాలు మెగన్ లావెన్‌గుడ్ లెక్కగట్టారు.

మరమ్మతుకు వచ్చిన డీఎక్స్7ల్లో పదింటికి తొమ్మిదింటిలో కంపెనీ టోన్లు చెక్కుచెదరకుండా ఉండేవని ఆ రంగంలో ఒక మాట ప్రచారంలో ఉంది. అది నిజమైనా, అతిశయోక్తి అయినా, అప్పటి పాటలు వింటే అలా ఎందుకు అన్నారో అర్థమవుతుంది.

అందరూ అలా వదిలేయలేదు. బ్రిటన్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో ఈ యంత్రాన్ని పట్టుబట్టి నేర్చుకుని, సొంత టోన్లు చేసుకున్నారు. అంటే తలుపు మూసి లేదు. కానీ తీయడం కష్టం. అందుకే చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

మద్రాసు స్టూడియోల్లో ఏం మారింది?

1980ల్లో తెలుగు సినిమా పాటల రికార్డింగ్ ఎక్కువగా మద్రాసులోనే జరిగేది. పదుల సంఖ్యలో వయొలిన్లు, తబలాలు, వేణువులు ఒకే హాల్లో కూర్చుని వాయించే రోజులవి.

ఆ దశాబ్దం మధ్య నుంచి సింథసైజర్లు, రిథమ్ మెషీన్లు, వాటిని కంప్యూటర్‌తో నడిపే సీక్వెన్సర్లు ఆ హాల్లోకి వచ్చాయి.

ఇళయరాజా సంగీతంతో 1986లో వచ్చిన తమిళ చిత్రం ‘పున్నగై మన్నన్’ను కంప్యూటర్ సీక్వెన్సర్ వాడిన తొలి భారతీయ సినిమాల్లో ఒకటిగా చెబుతారు. తెలుగు ప్రేక్షకులకు అది ‘డాన్స్ మాస్టర్’గా తెలుసు.

తెలుగులో ఎలక్ట్రానిక్ శబ్దాన్ని ఇంటింటికీ తీసుకెళ్లిన జంట రాజ్-కోటి. రాజ్ సంగీత దర్శకుడు టీవీ రాజు కుమారుడు, కోటి సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. ఇద్దరూ తండ్రుల కాలంలో పెద్ద ఆర్కెస్ట్రాలు విని పెరిగినవారే.

1992లో ‘రోజా’తో దేశానికి పరిచయమైన ఏఆర్ రెహమాన్ అంతకుముందు రమేశ్ నాయుడు, ఇళయరాజా, రాజ్-కోటి లాంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాద్యకారుడిగా పనిచేశారు.

అయితే క్యాసెట్ కవర్ల మీద సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు ఉండేవి. కీబోర్డు ఎవరు వాయించారు, టోన్ ఎవరు తయారు చేశారు, ఏ యంత్రం వాడారు అన్నది సాధారణంగా ఉండేది కాదు. ఆ పనివాళ్ల జ్ఞానం చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది.

12 మెట్ల సమస్య

భారతీయ సంగీతానికి డీఎక్స్7లో మరో ఇబ్బంది ఉంది. పాశ్చాత్య పద్ధతిలో సమానంగా విభజించిన 12 మెట్లే దానిలో ఉంటాయి. ప్రతి మెట్టు శ్రుతినీ విడివిడిగా సర్దుకునే వీలు మొదటి మోడల్లో లేదు. దీని తర్వాతి తరం డీఎక్స్7-2 వచ్చాకే ఆ సౌకర్యం వచ్చింది.

ఇది కొత్త గొడవ కాదు. హార్మోనియం మీదా ఇదే అభ్యంతరం. స్వరం నుంచి స్వరానికి జారడం దానిలో కుదరదన్న కారణంతో 1940 నుంచి 1971 వరకు ఆకాశవాణి దాన్ని దూరం పెట్టింది.

కానీ హార్మోనియానికి లేని ఒక వెసులుబాటు డీఎక్స్7కు ఉంది. ఎడమ పక్కన పిచ్ బెండ్ చక్రం ఉంటుంది. దాన్ని తిప్పుతూ స్వరాన్ని జార్చవచ్చు. నోటితో ఊది శబ్దాన్ని నియంత్రించే బ్రెత్ కంట్రోలర్ తగిలించుకునే చోటు కూడా ఉంది.

అంటే ఊదే వాద్యాల పలుకుకు దగ్గరగా వెళ్లే దారి 1983లోనే ఆ యంత్రంలో ఉంది. ఆ దారిలో నడిచినవారే తక్కువ.

బ్యాటరీ అయిపోతే ఏమవుతుంది?

కష్టపడి సొంత టోన్లు చేసుకున్నవారికి మరో చిక్కు ఉంది. డీఎక్స్7 లోపల 32 టోన్లే దాచుకోవచ్చు. ఆ జ్ఞాపకశక్తిని కాపాడేది లోపలి బోర్డుకు టంకం వేసి అతికించిన 3 వోల్టుల చిన్న గుండ్రటి బ్యాటరీ.

అది అయిపోతే టోన్లన్నీ పోతాయి. మార్చాలంటే పెట్టె విప్పి, టంకం కరిగించి, కొత్తది అతికించాలి. టోన్లు దాచుకునే క్యాట్రిడ్జ్‌లకూ విడిగా బ్యాటరీ ఉంటుంది. వాటిదీ అదే గతి.

యంత్రం పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. ఒక వాద్యకారుడు రాత్రుళ్లు కూర్చుని చేసుకున్న టోన్ పోతే మళ్లీ రాదు.

దీనికి పరిష్కారం చాలా చిన్నది. మిడి కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి టోన్లను ఫైలుగా దాచుకోవచ్చు. 32 టోన్లూ కలిపి సుమారు 4 కిలోబైట్లు. మనం ఫోన్లో పంపుకునే ఒక్క ఫొటో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. పాత డీఎక్స్7 ఎక్కడైనా అటక మీద ఉంటే, మొదట చేయాల్సిన పని ఇదే.

లోపాలున్నా ఎందుకు మిగిలింది?

1987లో రోలాండ్ డీ-50, 1988లో కోర్గ్ ఎం1 వచ్చాక డీఎక్స్7 జోరు తగ్గింది. వాటిలో ఎఫెక్టులు ఉన్నాయి, అసలు వాద్యాల నుంచి రికార్డు చేసిన శబ్దపు ముక్కలూ ఉన్నాయి.

కానీ ఎఫ్ఎం పోలేదు. చిన్న చిప్‌గా మారి మన ఇళ్లలోకి వచ్చింది. 1980ల చివర్లో వచ్చిన ఆడ్‌లిబ్, సౌండ్ బ్లాస్టర్ సౌండ్ కార్డుల్లో, సెగా వీడియో గేముల్లో, ఆ తర్వాత చాలా మొబైల్ ఫోన్ల రింగ్‌టోన్లలో మోగింది యమహా ఎఫ్ఎం చిప్పులే.

ఇప్పుడు డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో డీఎక్స్7లా పనిచేస్తుంది. పాత టోన్ల ఫైళ్లను కూడా చదువుతుంది. అప్పట్లో రెండు వరుసల తెర మీద దాగిన విలువలన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. 40 ఏళ్ల కిందటి పెద్ద లోపం అలా సగం తీరింది.

సుక్మాకు దీనితో ఏం పని?

బస్తర్ ప్రాంతంలో పెళ్లిళ్లకు, జాతరలకు ఊదే వాద్యం మొహరి. చూడటానికి షెహనాయ్‌ని, మన సన్నాయిని పోలి ఉంటుంది. నగారా, తుడ్‌బుడీలతో కలిపి వాయిస్తారు. ఊపిరితో, పెదవుల పట్టుతో స్వరాన్ని ఊపడమే దాని అందం.

భారత్‌లో అమ్మే కొన్ని కీబోర్డు మోడళ్లలో సితార్, తబలా, షెహనాయ్ టోన్లు ప్రత్యేకంగా వేసి ఇస్తున్నారు. మొహరి కావాలనుకున్నవారు ఆ షెహనాయ్ టోన్‌తోనే సరిపెట్టుకుంటున్నారు. చక్రం తిప్పకుండా వాయిస్తే ఆ ఊపూ ఉండదు. వరుస 12 మెట్ల మీద తిన్నగా నడిచిపోతుంది.

పెళ్లివారి లెక్క కూడా అర్థం చేసుకోదగినదే. నలుగురైదుగురు వాద్యకారుల బృందం కంటే ఒక్క కీబోర్డు, ఒక్క మనిషి చవక. కానీ ఆ బృందానికి ఏడాదిలో ఆదాయం వచ్చేదే పెళ్లిళ్ల కాలంలో. పిలుపులు తగ్గితే పిల్లలకు నేర్పడం ఆగుతుంది.

సుక్మా పాట బయటకు వెళ్లదని కాదు. 2021లో ఈ జిల్లా బాలుడు స్కూల్లో పాడిన ‘బచ్‌పన్ కా ప్యార్’ వీడియో దేశమంతా చూసింది. ఆ వీడియోలో వాద్యాలు లేవు. ఆ పాట మొదట గుజరాత్‌ది. ఆ తర్వాత ర్యాపర్ బాద్‌షా అదే బాలుడితో కొత్త బీట్లు కలిపి పాటను విడుదల చేశారు.

అంటే ఇక్కడి గొంతు దేశానికి చేరింది. ఇక్కడి వాద్యం ఇంకా చేరలేదు.

ఏం చేయవచ్చు?

కీబోర్డును తిట్టడం వల్ల లాభం లేదు. దాన్ని కొనుక్కున్న కుర్రాడికి అదే జీవనాధారం. డీఎక్స్7 అనుభవం నుంచి అతను తీసుకోదగినవి మూడు ఉన్నాయి.

మొదటిది, వందల టోన్లలో ఐదారుతో ఆగకపోవడం. పిచ్ బెండ్ ఉన్న కీబోర్డులో దాన్ని రోజూ సాధన చేస్తే షెహనాయ్ టోన్ కూడా కాస్త ఊపిరి పోసుకుంటుంది.

రెండోది, సొంత టోన్. కొన్ని కీబోర్డుల్లో, ఫోన్ యాప్‌లలో శాంప్లింగ్ సౌకర్యం ఉంది. మొహరి వాద్యకారుడితో ఒక్కో స్వరం ఊదించి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డు చేస్తే, దాన్ని కీల మీదకు తెచ్చుకోవచ్చు. 1983లో నెలల తరబడి చేయాల్సిన పని ఇప్పుడు ఒక మధ్యాహ్నంలో అవుతుంది.

అయితే అలా రికార్డు చేసిన టోన్ చివరకు ఆ వాద్యకారుడి పనికే పోటీ కావచ్చు. కాబట్టి అతనికి డబ్బు చెల్లించడం, పాట కింద అతని పేరు వేయడం తప్పనిసరి. క్యాసెట్ల కాలంలో కీబోర్డు వాద్యకారుల విషయంలో జరగనిది ఇక్కడైనా జరగాలి.

మూడోది, దాచుకోవడం. ఒక వాద్యం పలుకు ఒక మనిషి దగ్గరే, ఒక యంత్రంలోనే ఉంటే ఆ బ్యాటరీ ఏదో రోజు అయిపోతుంది. ఫైలు రెండు మూడు చోట్ల ఉండాలి. దాని పక్కన వాయించినవారి పేరు, ఊరు, తేదీ రాసి ఉండాలి.

డీఎక్స్7 దగ్గర సొంత శబ్దం చేసుకునే శక్తి ఉన్నా, తయారుగా ఉన్న పియానో ఎక్కువ వినిపించింది. కుంట పెళ్లి వేదిక మీది కీబోర్డుకు కూడా ఈ రెండు దారులూ ఉన్నాయి. షెహనాయ్ బటన్ నొక్కడానికి ఒక్క సెకను చాలు. మొహరి వాద్యకారుడి ఇంటికి వెళ్లి రికార్డు చేసుకు రావడానికి ఒక రోజు పడుతుంది.